మంచును పట్టుకునే టైరు

టైరు కొనడమన్నది మన ఇళ్లలో పెద్దగా చర్చకు రాని విషయం. 'బటన్లు అరిగిపోయాయి సార్' అని మెకానిక్ చెబితే ఇంకో రెండు నెలలు అలాగే నడిపించి, వానలు పడేలోపు ఎలాగో మార్పించేస్తాం. ఏ కంపెనీదన్నది షాపువాడి ఇష్టం. చీర కోసం నాలుగు దుకాణాలు తిరిగే ఇంట్లో కూడా టైరు కోసం రెండో షాపు మెట్లెక్కినవాళ్లు తక్కువ. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన ఓ గోదావరి జిల్లా కుర్రాడు, అమెరికాలోని కొలరాడో కొండల్లో కాపురం పెట్టాక, నాలుగు టైర్ల కోసం ఆరు వారాలు తర్జనభర్జన పడ్డాడు. ఒక్కడే పడితే కథ చిన్నదయ్యేది. మధ్యలో భార్య వచ్చింది. ఇండియా నుంచి వచ్చిన తండ్రి కూడా వచ్చాడు.

డెన్వర్ నగరానికి పడమర దిక్కున, గంటలోపు ప్రయాణంలో ఎవర్‌గ్రీన్ అనే ఊరుంది. సముద్ర మట్టానికి 7 వేల అడుగుల ఎత్తు. వీళ్ల ఇల్లు ఊరికి ఇంకా పైన, పైన్ చెట్ల మధ్య. తారురోడ్డు అయిపోయాక మూడు కిలోమీటర్లు మట్టిదారి. మంచు పడితే దాన్ని తోసే బండ్లు ముందు హైవేకి వెళ్తాయి, తర్వాత పెద్దరోడ్లకి, ఆ తర్వాత చిన్నరోడ్లకి. ఈ మట్టిదారి వంతు వచ్చేసరికి ఒక్కోసారి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. అయినా ఏరికోరి అక్కడే ఇల్లు కొనడానికి కారణం అడవి దారులు. ఆదివారం వస్తే టొయోటా ఫోర్‌రన్నర్ వేసుకుని కొండల్లోకి వెళ్లడం అతని సరదా. కంప్యూటరు ముందు ఐదు రోజులు కూర్చున్న నడుముకి ఆ కుదుపులే వైద్యం అంటాడు. అందరి వైద్యం అలా ఉండదనుకోండి.

ఆ ఏడు అక్టోబరు నాటికి పాత టైర్లు అరిగిపోయాయి. అప్పటికి భార్యకి ఆరో నెల. డాక్టరు చెప్పిన తేదీ జనవరి మూడో వారం. ఆసుపత్రి కొండ కింద, డెన్వర్ వైపు. ఇప్పుడు కొనే టైరు ఆదివారం సరదాకి పనికి రావాలి, రోజూ ఆఫీసుకి వెళ్లే హైవే మీద నడవాలి, ఏ అర్ధరాత్రో మూడు కిలోమీటర్ల మంచుదారి క్షేమంగా దింపాలి. ఈ మూడో పని ఎంత ముఖ్యమో అతనికి మొదట్లో అంతగా తట్టలేదు. అతని కళ్లు మడ్ టైర్ల మీద ఉన్నాయి.

మడ్ టైరు మీరు చూసే ఉంటారు. జీపులకి వేస్తారు. అరచేతి మందాన బటన్లు, వాటి మధ్య వేళ్లు దూరేంత సందులు. చూస్తేనే భయం వేస్తుంది. ఇంత మొరటు టైరుకి మంచు ఒక లెక్కా అనిపిస్తుంది.

నవంబరు మొదటి వారంలో అమ్మానాన్నా దిగారు. కోడలి పురుడు దాకా ఉండి, పసిబిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక వెళ్లాలని ఆరు నెలలకి వచ్చారు. తండ్రి ముప్ఫై ఏళ్లు సొంత ట్రాక్టరుతో వరి పండించినవాడు. చలికి ఇల్లు కదల్లేక, టీవీలో వచ్చేది అర్థం కాక, రెండో రోజు నుంచే కారు షెడ్డులో తచ్చాడడం మొదలుపెట్టాడు. కొడుకు కంప్యూటరులో చూపించిన మడ్ టైరు బొమ్మ ఆయనకి వెంటనే నచ్చింది.

"ఇది మన దమ్ము చక్రంలా ఉందిరా. బురదలో దిగబడదు" అన్నాడు.

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప చక్రాలు బిగిస్తారు కదా, ఆ లెక్కన చూస్తే ఆయన అన్నది సబబే. మరి మంచూ మెత్తనే, బురదా మెత్తనే. తేడా ఏముంటుంది?

ఆ తేడా చెప్పింది టైర్ల దుకాణంలో పనిచేసే నెరసిన గడ్డం మనిషి. చలికాలం ముందు అక్కడి టైర్ల షాపులు మన పెళ్లి సీజన్లో బంగారం కొట్లలా ఉంటాయి. అంత రద్దీలోనూ ఆయన తీరిక చేసుకుని అడిగాడట, 'మీరు నడిపేది బురదలోనా, మంచులోనా' అని. మంచులో అనగానే తల అడ్డంగా ఊపాడు.

బురదలో నడిచే టైరుకి ముఖ్యమైన పని బురదని విదిలించుకోవడం. సందుల్లో బురద పేరుకుపోతే చక్రం నున్నటి ముద్దయిపోయి ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే ట్రాక్టరు టైరు మీద పట్టీలు ఏటవాలుగా ఉంటాయి, మడ్ టైరుకి సందులు వెడల్పుగా ఉంటాయి. చక్రం తిరుగుతుంటే బురద పక్కలకి జారి ఊడిపోవాలి. మంచు విషయం దీనికి సరిగ్గా ఎదురు. రబ్బరు మంచుని పట్టుకునే దానికంటే మంచు మంచుని గట్టిగా పట్టుకుంటుంది. చిన్న పిల్లలు మంచు ముద్ద చేసి దొర్లిస్తే ఇంకా మంచు అంటుకుంటూ పెద్దదైపోతుంది చూడండి, అదే సూత్రం. మంచు టైరు తన గాళ్లలోకి కొంచెం మంచు తీసుకుని, నొక్కి, అక్కడే ఉంచుకుంటుంది. కింద ఉన్న మంచుకి ఆ ఇరుక్కున్న మంచు అతుక్కుంటుంది. మంచు టైరు గాళ్లు తెల్లగా నిండిపోయి కనిపిస్తే అది చెడిపోయినట్టు కాదు, పనిచేస్తున్నట్టు.

కొడుకు తెలుగులో చెప్పేసరికి తండ్రి కాసేపు ఆలోచించాడు. "చలిమిడిలాగన్నమాట. పొడి పిండి చేతికి అంటదు, ముద్ద ముద్దకి అంటుకుంటుంది" అన్నాడు. నెరసిన గడ్డం ఆయనకి చలిమిడి గురించి ఎలా చెప్పాలో కొడుక్కి తెలియలేదు.

ఇంకో సంగతి కూడా ఆ షాపులోనే కళ్లారా చూశారు. మంచు టైరు బటన్ల మీద దగ్గర దగ్గరగా సన్నని గాట్లు వందల కొద్దీ ఉంటాయి, బ్లేడుతో కోసినట్టు. బండి బరువు పడగానే ఆ గాట్లు కొద్దిగా విచ్చుకుంటాయి. ఒక్కో గాటు అంచు మంచుని పట్టుకుంటుంది, ఐసు మీదుండే పల్చటి నీటి పొరని తుడిచేస్తుంది. ఇంగ్లిషులో వీటిని సైప్స్ అంటారు. జాన్ సైప్ అనే అమెరికన్ పేరది. 1923లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. కబేళాలో పనిచేస్తూ తడి నేల మీద జారిపోతుంటే బూటు అడుగున కత్తితో గాట్లు పెట్టుకున్నాడని, ఈ ఆలోచన అలా పుట్టిందని చెబుతారు. మడ్ టైరు బటన్ల మీద ఇలాంటి గాట్లు బహు తక్కువ. లోతైన మెత్తటి మంచులో అది తవ్వుకుంటూ పోగలదు. నలిగి గట్టిపడిన మంచు మీద, ఐసు మీద మాత్రం ఆ పెద్ద బటన్లు నున్నటి చెక్కముక్కలే.

రబ్బరు సంగతి కూడా చెప్పుకోవాలి. పైకి అన్ని టైర్లూ నల్లగానే ఉంటాయి గానీ లోపలి పాకం వేరు. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో తెలుసుగా. మామూలు టైరు రబ్బరు మరీ అంతలా గడ్డకట్టదు గానీ, 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగే కొద్దీ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు నేల ఎగుడుదిగుడుల్లోకి ఒదగదు, అందుకే జారుతుంది. చలికాలపు టైరులో సిలికా పాలు పెంచి, సున్నాకి 20 డిగ్రీల దిగువన కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. ఆ మెత్తదనమే ఎండాకాలంలో దాని శత్రువు. వేడి రోడ్డు మీద పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది.

ఈ విద్యలో ముందు నడిచినవాళ్లు ఫిన్లాండు వాళ్లు. ఇప్పుడు నోకియన్ టైర్స్ అని పిలిచే కంపెనీ 1934లో లారీల కోసం మొదటి మంచు టైరు చేసింది. 1936లో కార్లకి హక్కపెలీటా అనే టైరు తెచ్చింది. నోరు తిరగని ఆ పేరుతోనే ఇవాళ్టికీ అమ్ముతున్నారు.

టైరు పక్క భాగం మీద గుర్తులు చూసి కొనాలని చాలామందికి తెలుసు. ఏ గుర్తు చూడాలన్న దగ్గరే పొరపాటు పడతారు. 'ఎం ప్లస్ ఎస్' అని రాసి ఉంటుంది. బురదకీ మంచుకీ పనికొస్తుందని దాని అర్థం. కానీ బటన్ల మధ్య ఖాళీ ఇంత ఉండాలన్న లెక్క సరిపోతే చాలు, కంపెనీ ఆ అక్షరాలు వేసుకోవచ్చు. మంచు మీద నడిపి చూసి ఇచ్చేది కాదు. మడ్ టైర్ల మీద కూడా ఆ అక్షరాలు దర్జాగా ఉంటాయి. చూడాల్సింది ఇంకోటి: మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు. 1999లో వచ్చిన ఈ గుర్తు కావాలంటే టైరుని నిజంగానే మంచు మీద పరీక్షిస్తారు. నమూనా టైరుకి వంద మార్కులు అనుకుంటే దీనికి కనీసం 110 రావాలి. అయితే అమెరికాలో చేసే ఆ పరీక్ష నలిగిన మంచు మీద బండి ముందుకి కదిలే పట్టుని కొలుస్తుంది. ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందన్నది అందులో లేదు. కొండ గుర్తుందని ఊరికే మురిసిపోకూడదు.

కొండ గుర్తున్న ఆల్ టెరెయిన్ టైర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. రాళ్లకీ, మట్టికీ, మంచుకీ ఒకటే టైరు. ఏడాది పొడుగునా తీసేపని ఉండదు. ఎండాకాలం ఎక్కువ, చలికాలం తక్కువ ఉండే చోట ఇవే మేలు. మడ్ టైరు వద్దని తేలాక అతను వీటి దగ్గర ఆగాడు. ఇంచుమించు కొనేశాడు కూడా.

అప్పుడు భార్య ఒక మాట అడిగింది. అన్నం పెడుతూ మామూలుగానే అడిగింది.

"ఎక్కడం గురించే చెబుతున్నారు. దిగడం మాటేంటి?"

అతను ఫోర్ వీల్ డ్రైవ్ గురించి చెప్పబోయాడు. ఇంజిను బలం నాలుగు చక్రాలకీ వెళ్తుంది కాబట్టి భయం లేదన్నాడు. "వెళ్లడానికి కదా అది? మరి ఆగడానికి?" అంది.

దానికి జవాబు లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, లక్ష రూపాయల పాత కారుకైనా, కోటి రూపాయల జీపుకైనా. ఆపడంలో ఫోర్ వీల్ డ్రైవ్ చేసే సాయం ఏమీ లేదు. పైగా మంచులో సులువుగా వేగం అందుకుంటుంది కాబట్టి నేల ఎంత జారుడుగా ఉందో నడిపేవాడికి తెలియనివ్వదు. చలికాలంలో రోడ్డు పక్క గుంటల్లో పెద్ద పెద్ద ఎస్‌యూవీలే ఎక్కువగా కనిపించడం కొలరాడో వాళ్లకి పాత హాస్యం. వాళ్ల ఇంటిదారిలో మూడో మలుపు ఉత్తరం వైపు వాలు. అక్కడ ఎండ తగలదు. పగలు కరిగిన నీళ్లు పైనుంచి పారి, రాత్రికి అక్కడ అద్దంలా గడ్డకడతాయి. నిండు నెలల మనిషిని కూర్చోబెట్టుకుని ఆ మలుపు దిగాలి. ఎక్కడమైతే రేపు ఎక్కవచ్చు.

ఆ రాత్రితో ఆల్ టెరెయిన్ కూడా పక్కకి పోయింది. ఐసు మీద ఆగాలంటే అచ్చంగా చలికాలానికే చేసిన మెత్తటి టైరుకి సాటి లేదు. నాలుగు చలికాలపు టైర్లు, వాటికి విడిగా నాలుగు రిమ్ములు, ఏప్రిల్లో మళ్లీ వేసుకోవడానికి ఆల్ టెరెయిన్ సెట్టు. ఖర్చు చూసి తండ్రి ఉలిక్కిపడ్డాడు. డాలర్లని రూపాయల్లోకి మార్చే అలవాటు ఆ వయసులో ఎక్కడ పోతుంది! "రెండు మాత్రం కొని వెనక వేస్తే పోలా? ట్రాక్టరుకి పట్టు అంతా వెనకే కదా" అన్నాడు. ఇది మనవాళ్లలో చాలామందికి తట్టే పొదుపే. కానీ రెండు చక్రాలు నేలని పట్టుకుని, రెండు జారిపోతే బండి అడ్డం తిరుగుతుంది. వేస్తే నాలుగూ ఒకటే రకం వేయాలి. ఇక రెండు సెట్లంటే ఖర్చు రెట్టింపన్నదీ పూర్తిగా నిజం కాదు. ఒకటి నడుస్తుంటే ఇంకోటి షెడ్డులో ఉంటుంది. రెండూ కలిపి రెట్టింపు కాలం వస్తాయి.

టైరు ఎంత వెడల్పు ఉండాలన్నది ఇంకో పేచీ. వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువని అందరూ అనుకుంటాం. మంచులో లోతుని బట్టి లెక్క మారుతుంది. మంచు జానెడు లోపే ఉండి కింద గట్టినేల ఉంటే సన్నటి టైరు మంచుని కోసుకుంటూ కింది నేలని అందుకుంటుంది. స్వీడన్‌లో ప్రపంచ ర్యాలీ పోటీలకి అందుకే సన్నటి టైర్లు వాడతారు, ఒక్కోదానికి 384 ఇనప మేకులతో. ఐస్‌లాండ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడి మంచు పలకలకి నేల ఎక్కడో కింద ఉంటుంది, అందుకునే ఆశ లేదు. అందుకని 38 అంగుళాలు, 44 అంగుళాల పెద్ద టైర్లు వేసి, గాలి రెండు మూడు పాయింట్లకి దించేస్తారు. బండి పడవలా మంచు మీద తేలుతుంది. 2007లో బీబీసీ 'టాప్ గేర్' కార్యక్రమం వాళ్లు ఉత్తర అయస్కాంత ధ్రువం వైపు నడిపిన టొయోటా హైలక్స్‌లు ఇలా ఐస్‌లాండ్ వాళ్లు తయారుచేసి ఇచ్చినవే. మన కుర్రాడి దారికి అంత హంగామా అక్కర్లేదు. కంపెనీ చెప్పిన కొలతే, వెడల్పు ఒక పిసరు తక్కువది తీసుకున్నాడు. భారీ లోడు మోసే పది ప్లైల టైరు జోలికి పోలేదు. ఆ మందం వల్ల టైరు చలికి మరింత బిరుసుగా ఉంటుంది, వంగి నేలకి ఒదగదు.

కొనేముందు ఆఖరి తనిఖీ తండ్రే చేశాడు, కొడుకు నేర్పాక. టైరు పక్కన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3523 అని ఉంటే 2023లో 35వ వారంలో తయారైందని. మన ఊళ్లలో కొన్నా ఈ నాలుగంకెలూ ఉంటాయి. ఎరువుల బస్తా మీద తేదీ చూసి కొనే రైతుకి ఇది బాగా నచ్చింది. నాలుగు టైర్లూ వంగి వంగి చూసి, ఒకటి మిగతావాటికంటే రెండేళ్లు పాతదని పట్టేసి మార్పించాడు. ఇంగ్లిషు ఒక్క ముక్క మాట్లాడకుండా!

చట్టం గోల కూడా ఒకటుంది. కొండల గుండా పోయే 70వ నంబరు హైవే మీద, డాట్సెరో నుంచి మోరిసన్ వరకూ, సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా కార్లకి తగిన టైర్లు ఉండాలని 2019లో కొలరాడో చట్టం చేసింది. బటన్ల లోతు అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఎవర్‌గ్రీన్ నుంచి డెన్వర్ దిగేది ఆ హైవే మీదుగానే.

డిసెంబరులో ఒక ఆదివారం తండ్రీకొడుకులు అడవి దారి ఎక్కారు. చలికాలంలో అన్ని దారులూ తెరిచి ఉండవు. ఏ దారి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకూ బండ్లకి తెరిచి ఉంటుందో అక్కడి అటవీ శాఖ ఉచితంగా పటం వేసి ఇస్తుంది. అది చూసుకుని, ఇంట్లో ఏ దారో, ఎన్నింటికి వస్తారో చెప్పి, పార, దుప్పట్లు, గొలుసులు, పులిహోర పెట్టుకుని బయలుదేరారు.

తారు అయిపోగానే కొడుకు దిగి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. 33 పాయింట్ల నుంచి 20కి. తండ్రికి ఇది చెప్పనక్కర్లేదు. చేలో దిగేటప్పుడు ట్రాక్టరు వెనక టైరుకి 12, 14 పాయింట్లు మించి ఉంచరు. గాలి తగ్గితే టైరు అడుగు పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి సర్దుకుంటుంది. మరీ తీసేస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది. "మాకు నీళ్లు కూడా పోసేవాళ్లంరా బరువుకి" అన్నాడు తండ్రి. ఇక్కడ పోస్తే రాత్రికి రాయిలా గడ్డకడుతుందని కొడుకు నవ్వాడు. చలికి గాలి దానంతట అదే తగ్గుతుంది కూడా. వాతావరణం ఐదున్నర డిగ్రీలు పడితే సుమారు ఒక పాయింటు పోతుంది. షెడ్డులో వెచ్చగా ఉన్నప్పుడు కొట్టించిన గాలి బయట తెల్లవారుజామున ఉండదు.

కొంత దూరం పోయాక తండ్రి బండి ఆపించి దిగాడు. వెనక్కి నడిచి, వంగి, టైరు జాడ చూశాడు. బటన్ల అచ్చు చెక్కినట్టు స్పష్టంగా పడింది. "పడుతోందిరా" అన్నాడు. చేలో అయినా అంతే, అచ్చు నిలబడితే చక్రం పట్టింది, చెదిరిపోతే ఊరికే తిరుగుతోంది. ఇంకో అరగంట పైకి వెళ్లేసరికి పొడి మంచు లోతు పెరిగింది. అది బియ్యప్పిండిలా ఉంటుంది, ముద్ద కట్టదు. టైరుకి కూడా అంటదు. జాడలో అచ్చులు చెదరడం మొదలైంది. బండి అడుగు మంచుకి రాసుకుంటున్న చప్పుడు వచ్చింది.

కొడుకు రెండు నిమిషాల్లో మైదానం వస్తుందన్నాడు. అక్కడినుంచి కొండలు బాగా కనిపిస్తాయట.

"పొట్ట ఆనిందిరా. ఇంక చక్రం చేతిలో ఏం లేదు" అన్నాడు తండ్రి. "చేలో అయితే పక్క రైతు ట్రాక్టరు తెచ్చి లాగుతాడు. ఇక్కడ ఎవడొస్తాడు?"

ఎంత మంచి టైరైనా బండి బరువు తన మీద ఉన్నంతసేపే పట్టుకోగలదు. అడుగు భాగం మంచు మీద కూర్చుందంటే బరువంతా మంచు మోస్తుంది, చక్రాలు గాల్లో ఉన్నట్టే. కొడుకు ఒక నిమిషం స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ మైదానం కోసం అతను ఆ చలికాలమంతా ఎదురుచూశాడు. తర్వాత గేరు వెనక్కి వేసి, వచ్చిన జాడలోనే మెల్లగా రెండు వందల మీటర్లు వెనక్కి దిగాడు. తిప్పుకునే చోటు దొరికాక పులిహోర తిన్నారు. తారురోడ్డు ఎక్కేముందు బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరుతో మళ్లీ గాలి నింపారు. నాలుగింటికీ అరగంట పట్టింది. చలిలో ఆ అరగంటకి బద్ధకించి తక్కువ గాలితోనే హైవే ఎక్కేవాళ్లు లేకపోలేదు. వేగంలో ఆ టైరు వేడెక్కి పాడవుతుంది.

నొప్పులు జనవరి రెండో వారంలోనే వచ్చాయి, రాత్రి ఒంటిగంట దాటాక. సాయంత్రం నుంచి మంచు పడుతోంది. అత్తగారు వెనక సీట్లో కోడలి పక్కన కూర్చుంది. మామగారు షెడ్డు ముందు పారతో మంచు తోసి, దారి ఇచ్చి, అక్కడే నిలబడిపోయాడు. కొడుకు పై మలుపులో, ఇంకా చదునుగా ఉండగానే, ఒకసారి బ్రేకు మెల్లగా నొక్కి చూశాడు. బండి ఎంతలో ఆగుతోందో తెలిసింది. లో గేరులో, నడక కంటే కాస్త వేగంగా దించాడు. మూడో మలుపు దగ్గర భార్య సీటు పట్టుకుంది. టైర్లు ఒకసారి కరకరమన్నాయి, అంతే. ఆసుపత్రికి చేరేసరికి మూడు కావస్తోంది. తెల్లారాక ఆడపిల్ల పుట్టింది.

ఫోను చేసి చెబితే తండ్రి ముందు పిల్ల బరువు అడిగాడు. తర్వాత మలుపు గురించి అడిగాడు.

మార్చిలో ఇంకా మంచు పడింది. డెన్వర్‌లో మంచు ఎక్కువ పడే నెల అదే. ఏప్రిల్ ఆఖర్న, ఊరికి తిరిగి వెళ్లే ముందు, తండ్రి కొడుకుతో కలిసి చలికాలపు టైర్లు విప్పించాడు. కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని మూలలో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అగ్గిపుల్ల గుచ్చి ఒక్కోదాని లోతు చూశాడు. ముందువి కాస్త ఎక్కువ అరిగాయి. సుద్దముక్క అడిగి తీసుకుని, ప్రతి టైరు మీదా తెలుగులో రాశాడు, ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని. నవంబరులో ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వెయ్యాలని పక్కనే బాణం గుర్తులు కూడా గీశాడు.